ఇంజను కింద తడిమచ్చ

కుందుర్పి వైపు ‘నీళ్ళు కారిపోతాండాయి’ అని ఎవరైనా అంటే వినేవాడికి ముందు బోరు గుర్తొస్తుంది, ఆ తర్వాత డ్రిప్పు పైపు గుర్తొస్తుంది. మేము ఇక్కడ చెప్పబోయేది ఆ రెండింటి గురించీ కాదు. ట్రాక్టరు ముక్కు కింద, పాత జీపు పొట్ట కింద రాత్రంతా బొట్టుబొట్టుగా పడి, పొద్దున చూస్తే మట్టిలో రొట్టె అంత తడిమచ్చ వేసే నీళ్ళ గురించి. ‘ఆ మాత్రానికేమప్పా, ఒక చెంబు పోస్తే సరిపోతాది’ అని బండి తీసేస్తారు. మొదట రోజుకొక చెంబు పోస్తారు. నెల తిరిగేసరికి పూటకొక చెంబు అవుతుంది. తర్వాత చేనికి పోయేటప్పుడు సీటు పక్కన నీళ్ళ డబ్బా కట్టుకోకుండా కదల్లేని పరిస్థితి వస్తుంది. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఇంజను పట్టేస్తుంది.

ఇది యజమాని గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ సమానంగా పడదు. కళ్యాణదుర్గం, కుందుర్పి పక్క ఎర్రనేలలు తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచవు. పదును వచ్చిందంటే నాలుగైదు రోజుల్లో విత్తనం పడాలి, లేకపోతే ఇంకో వాన కోసం ఆకాశం చూడాలి. ఆ నాలుగు రోజుల్లో ఊళ్ళో ఉన్న ఒకటి రెండు పాత ట్రాక్టర్ల మీద సొంత బండి లేని సన్నకారు రైతులు వరసలో నిలబడి ఉంటారు. సరిగ్గా అప్పుడే ఒకదాని ఇంజను పోతే నష్టం దాని యజమానికొక్కడికే కాదు. బాడుగకు మాట్లాడుకున్న రెండెకరాల రైతుకు అదును పోతుంది, విత్తడానికి రావలసిన కూలీలకు పని పోతుంది, స్టీరింగు పట్టినవాడికి కొలువే పోతుంది.

ఆ ఆఖరి మనిషి సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. పల్లెల్లో చాలా పాత ట్రాక్టర్లను నడిపేది యజమాని కాదు, నెల జీతానికో రోజు కూలికో కుదిరిన డ్రైవరు. ఇంజను పట్టేసిన రోజు వినబడే మాటలు ఏ ఊళ్ళోనైనా ఒకే రకంగా ఉంటాయి. ‘ఏమిరా, నీళ్ళు చూసుకునేది లేదా?’ ‘పైపు మార్చమని ఉగాది నుంచి చెప్తాండా కదన్నా!’ ‘ఎప్పుడు చెప్పినావు?’ ఆ తర్వాత రిపేరు ఖర్చులో ఇంత అని జీతంలో కోత పడుతుంది. పైపు సంగతి పదిసార్లు చెప్పినా సాక్ష్యం ఉండదు. ఒక రబ్బరు గొట్టం ఖరీదు ఒకటి రెండు రోజుల కూలికి మించదు. దాన్ని వాయిదా వేసినందుకు ఇంజను బోరుకొస్తే ఆ ఖర్చు ఒక పంటకాలం కష్టాన్ని మింగుతుంది. అందుకే ఈ కారే నీళ్ళ సంగతి కూలీవాడు తెలుసుకోవాలంటున్నాము. యంత్రం మీద ప్రేమతో చెప్పడం లేదు, తన కూలి డబ్బులు కాపాడుకోవడానికే చెబుతున్నాము.

నీళ్ళు చేసే పని

ఇంట్లో పెద్దవాళ్ళుంటే అడిగి చూడండి. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. పంపు ఎత్తిపోసే నీళ్ళలోంచే ఒక సన్నగొట్టం తీసి ఇంజనుకు పెట్టేవాళ్ళు. చల్లగా లోపలికి పోయిన నీళ్ళు గోరువెచ్చగా బయటికొచ్చి కాలవలో పడేవి. ఇంజను వేడి నీళ్ళతోబాటు పోయేది. ట్రాక్టరుకూ జీపుకూ సూత్రం అదే, కానీ బావిని వెంట తీసుకుపోలేము గదా. అందుకని అవే నీళ్ళు మళ్ళీమళ్ళీ తిరుగుతాయి. వాటర్ పంపు, మెకానిక్కులు వాటర్ బాడీ అంటారు, నీళ్ళను ఇంజను చుట్టూ తోస్తుంది. వేడెక్కిన నీళ్ళు పై గొట్టం గుండా రేడియేటరులోకి పోతాయి. అక్కడ సన్నటి గొట్టాల్లోంచి దిగుతూ, ఫ్యాను లాగే గాలికి చల్లబడి, కింద గొట్టం గుండా మళ్ళీ ఇంజనులోకి చేరతాయి.

మనం పోసే డీజిలులోని వేడిలో సుమారు మూడోవంతే చక్రాన్ని తిప్పుతుంది. ఇంకో మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన మూడోవంతును మోసుకుపోవలసింది ఈ నీళ్ళే. నీళ్ళు తగ్గితే ఆ వేడి ఇనుములోనే ఉండిపోతుంది. పిస్టన్లు ఉబ్బి సిలిండరు గోడల్ని రాసుకుంటాయి, హెడ్డు వంగుతుంది, హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది. ఇదంతా జరగడానికి రోజులు అక్కర్లేదు, ఒక్క చాలు దున్నేంత సేపు చాలు.

పాత ఐషర్ ట్రాక్టరు ఉన్నవాళ్ళు ఇక్కడ నవ్వుకుంటారు. నిజమే, వాటి ఇంజను గాలితో చల్లబడేది, రేడియేటరే లేదు, కారడానికి నీళ్ళూ లేవు. 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి మొదలైన మహీంద్రా బి-275, 1971 నుంచి చెకొస్లవేకియా జెటార్ పరిజ్ఞానంతో పింజోరులో హెచ్.ఎం.టి. చేసిన ట్రాక్టర్లు, మద్రాసు నుంచి వచ్చిన మాసీ ఫెర్గూసన్లు, 1947 నుంచి మన దేశంలో బిగిస్తూ వచ్చిన జీపులు, ఇవన్నీ నీళ్ళు తాగేవే. ఏ దేశపు ఇంజినీరు గీసినా గొట్టం రబ్బరుదే. ఆ రబ్బరు ఎండకూ వేడికీ నూనెకూ ముసలిదవుతుంది.

మూతను గౌరవించండి

ఇంకేం చెప్పేముందు ప్రాణం సంగతి చెప్పాలి. రేడియేటరు మూత ఉత్త మూత కాదు. అందులో స్ప్రింగు ఉంటుంది, లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్ళు మరగాల్సిన వేడీ పెరుగుతుంది. 7 పౌండ్ల మూత ఉంటే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్ళు ఇంకో 11, 12 డిగ్రీలు ఎక్కేదాకా మరగకుండా ఉంటాయి. అన్నం కుక్కరు లాంటిదే. కుక్కరు ఉడుకుతుండగా మూత తీసేవాళ్ళుంటారా? కానీ పొగలు కక్కుతున్న రేడియేటరు మూత తీసేవాళ్ళు రోజూ ఉన్నారు. తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, లోపలి నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికీ చేతుల మీదికీ ఎగజిమ్ముతాయి.

రేడియేటరు పై గొట్టాన్ని చేత్తో పట్టుకుని ఉండగలిగేంత చల్లబడే దాకా మూత జోలికి పోవద్దు. ఎంత తొందర పనున్నా అరగంటకు తక్కువ కాకుండా ఆగాలి. అప్పుడైనా మందపాటి గోనెపట్ట మడతపెట్టి మూత మీద వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మొదటి గాడి దాకా తిప్పి ఆపాలి. ‘స్స్’ మనే శబ్దం పూర్తిగా ఆగాక తీయాలి. కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లటి నీళ్ళు పోయాలి. కరువు ప్రాంతమని ఆ నీళ్ళకు మాత్రం వెనకాడొద్దు. పేస్టులు, సిరా, పేడ పూయడం మానాలి.

చట్టం మాట కూడా ఒకటుంది. 1923 నాటి పనివారల పరిహార చట్టం రెండో షెడ్యూలులో వ్యవసాయంలో ట్రాక్టర్ల మీద, యంత్రశక్తితో నడిచే ఇతర సాధనాల మీద పనిచేసేవాళ్ళను చేర్చారు. 2020 సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. పనిలో ఉండగా కాలి మూడు రోజులకు మించి పనికి పోలేకపోతే అది ‘నీ ఖర్మ’ కాదు, యజమాని బాధ్యత. ఆసుపత్రి చీటీ, తేదీ, పక్కన ఉన్నవాళ్ళ పేర్లు భద్రపరచుకోండి.

ఎక్కడ కారుతోంది?

కారే చోటును పట్టుకోవడమే సగం రిపేరు. ఇంజను చల్లగా ఉన్న పొద్దునపూట చూడాలి. రాత్రి బండి నిలిపేటప్పుడు ఇంజను కింద ఒక పాత అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున్నే బొట్టు పడ్డ చోటుకు నిటారుగా పైకి చూడండి. అయితే నీళ్ళు కారిన చోటే కింద పడవు, ఇనుము వెంబడి జారి మూరెడు దూరాన రాలతాయి. అందుకని తడి కంటే గుర్తుల్ని నమ్మడం మేలు. మన బోరునీళ్ళు ఆరితే సున్నం లాంటి తెల్లచార వస్తుంది. తుప్పునీళ్ళయితే ఇటికరంగు చార. కూలెంటు పోసిన బండి అయితే పచ్చగానో ఎర్రగానో జిగురుగానో ఉంటుంది. ఆ చార పైకొస ఎక్కడుందో కారుడు అక్కడే.

ముందు గొట్టాల కొసలు చూడండి, క్లిప్పు బిగించిన చోటు. పాత బండ్లలో ఎక్కువ కారుళ్ళు అక్కడే. గొట్టాన్ని వేళ్ళతో నొక్కితే ఎండిన రొట్టెలా కరకరమన్నా, లేకపోతే నానిన పిండిలా మెత్తగా దిగినా దాని పని అయిపోయినట్టే. మంచి గొట్టం నొక్కితే దిగి, వదిలితే లేస్తుంది. తర్వాత వాటర్ పంపు. దాని అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అందులోంచి నీళ్ళు వస్తుంటే లోపలి సీలు పోయిందని అర్థం. ఆ రంధ్రాన్ని సీలుతోనో పుల్లతోనో మూసేసేవాళ్ళున్నారు, ఆ పని చేస్తే నీళ్ళు బేరింగులోకి పోయి పంపే విరుగుతుంది. రేడియేటరు తొట్టి అతుకులు, అడుగున డ్రెయిన్ కాక్, ఇంజను పక్కన నాణెం లాగా కొట్టి పెట్టిన కోర్ ప్లగ్గులు కూడా చూడాలి. ప్లగ్గు తుప్పుపట్టి చిల్లు పడటం పాత జీపుల్లో మామూలే.

కారుడు లేకుండానే నీళ్ళు తగ్గే సందర్భం ఒకటుంది, ఇది మన శెనక్కాయ సీమకు ప్రత్యేకం. కాయలు కొట్టే మిషనుకు ట్రాక్టరు తగిలించి గంటలకొద్దీ ఒకేచోట నిలబెట్టి నడుపుతారు. ఆ దుమ్మూ ఆకుపొట్టూ అంతా ఫ్యాను లాక్కుని రేడియేటరు రెక్కల మధ్య దట్టిస్తుంది. గాలి ఆడదు, నీళ్ళు మరిగి పొంగి పోతాయి. డ్రైవరు చెంబులు చెంబులు పోస్తాడు, కారుడు ఎక్కడో ఉందని వెతుకుతాడు. కారుడు ఉండదు, ఉన్నది పొట్టు. మిషను పని ఉన్నన్నాళ్ళూ పూటకొకసారి ఇంజను ఆపి, ఫ్యాను వైపు నుంచి ముందుకు నీళ్ళతోనో గాలితోనో కొట్టి ఆ పొట్టు దులపాలి. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతుంది. ఇనప చువ్వలతో పొడవొద్దు. ఫ్యాను బెల్టు వదులైనా ఇదే గతి. రెండు చక్రాల నడుమ బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకు మించి వేలాడకూడదు.

గొట్టం మార్చే పద్ధతి

ఇది ఇంటి దగ్గర చేసుకోదగిన పని. స్క్రూ డ్రైవరు, కటింగ్ ప్లేయరు, పదునైన కత్తి, గరుకు కాగితం, ఒక వెడల్పు తొట్టి ఉంటే చాలు. ఇంజను పూర్తిగా చల్లారాక బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, మూత తీసి, కింద డ్రెయిన్ కాక్ విప్పి నీళ్ళు తొట్టిలోకి దించాలి. కాక్ తుప్పుపట్టి తిరగనంటే బలవంతం చేయొద్దు, విరిగితే కొత్త కారుడు కొనితెచ్చుకున్నట్టే. కింద గొట్టాన్నే మెల్లగా వదులు చేసి దించుకోవచ్చు.

క్లిప్పు వదులు చేశాక గొట్టాన్ని పట్టుకుని మెలితిప్పితే ఊడి రావాలి. రాకపోతే స్క్రూ డ్రైవరు దూర్చి పెకలించడం చాలామంది చేసే పని. రేడియేటరు మూతి పల్చటి ఇత్తడిది, అలా పెకలిస్తే వంగుతుంది, అతుకు విడిపోతుంది. ఎలాగూ పారేసే గొట్టమే కాబట్టి కత్తితో నిలువునా చీరి ఒలిచెయ్యాలి. గొట్టం ఇంకా గట్టిగా ఉండి కొస మాత్రమే చీలి ఉంటే, పొడుగు సరిపోతే, అంగుళం కోసేసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

అంగడికి పోయేటప్పుడు పాత గొట్టం చేతిలో ఉండాలి. ‘మాసీ గొట్టం ఇవ్వప్పా’ అంటే సరిపోదు. లోపలి వెడల్పు, పొడుగు, వంపు మూడూ కలవాలి. తిన్నటి గొట్టాన్ని వంచి పెడితే నడుమ మడత పడి నీళ్ళు ఆగిపోతాయి. కింద గొట్టంలో కొన్ని బండ్లకు లోపల స్ప్రింగు ఉంటుంది. పంపు నీళ్ళను లాగేటప్పుడు గొట్టం ముడుచుకుపోకుండా ఆ స్ప్రింగు కాపాడుతుంది. పాత గొట్టంతోబాటు దాన్ని పారేసి, వేగం పెంచితేనే ఇంజను ఎందుకు వేడెక్కుతోందో తెలియక తలపట్టుకునేవాళ్ళున్నారు.

ఇనప మూతిని, ఇత్తడి మూతిని గరుకు కాగితంతో రుద్ది, అంటుకున్న పాత రబ్బరూ సున్నమూ పోగొట్టాలి. గొట్టం ఎక్కించే ముందే రెండు క్లిప్పులూ దాని మీద తొడగాలి. మరిచిపోతే మళ్ళీ ఊడదీయాలి. గొట్టం జారకపోతే కాసిని నీళ్ళు తడపండి చాలు. గ్రీసు, ఇంజనాయిలు పూస్తే రబ్బరు కుళ్ళుతుంది. మూతి చుట్టూ ఉబ్బెత్తు అంచు ఉంటుంది, గొట్టం దాన్ని దాటి లోపలికి పోవాలి. క్లిప్పు ఆ అంచుకు అవతల కూర్చోవాలి, అంచు మీద కాదు. రబ్బరు కొద్దిగా ఉబికేంత వరకే బిగించాలి. క్లిప్పు బదులు కట్టుతీగ మెలిపెట్టడం మన పల్లెల్లో అలవాటు. తీగ ఒక్క గీతలా రబ్బరును కోస్తుంది, వారం తిరక్కుండా అక్కడే చీలుతుంది. క్లిప్పుకు అయ్యే ఆ నాలుగు రూపాయలకు పిసినారితనం చేసేవాడు ఇంజను పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డట్టే.

తర్వాత కాక్ బిగించి, నీళ్ళు మెల్లగా పోయాలి. గబగబా పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. మూత పెట్టకుండా ఇంజను నెమ్మదిగా నడిపితే బుడగలు వచ్చి నీళ్ళు దిగుతాయి, మళ్ళీ పోయాలి. మూతికి రెండు వేళ్ళ కింద నిలపాలి. అంచుదాకా నింపినా వేడికి ఉబ్బి ఎలాగూ బయటికి తోస్తుంది. మూత పెట్టి పావుగంట నడిపి అతుకులు చూడాలి. చల్లారాక క్లిప్పులు ఇంకొక చుట్టు అడుగుతాయి.

మిగిలిన కారుళ్ళకు ఇంత వివరం అక్కర్లేదు. వాటర్ పంపు సీలు, కోర్ ప్లగ్గు చెయ్యి తిరిగిన మెకానిక్కు పని. ఇత్తడి, రాగి రేడియేటరు చిల్లును కళ్యాణదుర్గం లాంటి పట్నంలో రేడియేటరు షాపులో టంకం పెడతారు. కొత్తరకం అల్యూమినియం రేడియేటరుకు, ప్లాస్టిక్ తొట్టికి ఆ టంకం పట్టదు. ఎం-సీల్ పూస్తే పట్నం చేరే దాకా నిలబడొచ్చు, దాన్ని రిపేరు అనుకోవద్దు.

పసుపు వైద్యం

రోడ్డు మీద ఆగిపోయినప్పుడు మనవాళ్ళు చేసే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. గొట్టం చీలితే సైకిలు ట్యూబు పట్టీ కోసి గట్టిగా లాగి చుడతారు. ఇది మంచి ఉపాయమే. అయితే చుట్టే ముందు గొట్టాన్ని ఆరేట్టు తుడవాలి, చుట్టాక మూతను మొదటి గాడి దగ్గరే వదిలేస్తే ఒత్తిడి ఎక్కువ పెరగదు, నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. రేడియేటరులో పిడికెడు పసుపు పోయడం ఇంకో ఉపాయం. నీళ్ళతో తిరిగి తిరిగి పసుపు సూదిబెజ్జాల దగ్గర గడ్డకట్టి కారుడు ఆపుతుంది. కోడిగుడ్డు తెల్లసొన పోసేవాళ్ళు కూడా ఉన్నారు. పనిచేస్తుందా అంటే సన్న బెజ్జానికి పనిచేస్తుంది. కానీ ఏది బెజ్జం, ఏది రేడియేటరు గొట్టం అన్నది పసుపుకు తెలియదు గదా. కారే చోటుతోబాటు కారని చోట కూడా పేరుకుంటుంది. ఇల్లు చేరాక మొత్తం దించి రెండుమూడుసార్లు కడగాలి. ‘పసుపుతో ఆగిపోయింది’ అని ఏడాదంతా తిప్పితే అదే రేడియేటరుకు ఆఖరి ఏడాది. అంగట్లో దొరికే కారుడు మందులూ ఆ జాతివే, సీసా మాత్రం అందంగా ఉంటుంది. ఇక సబ్బు ముక్క రుద్దడం డీజిలు ట్యాంకు కారితే పనికొస్తుంది, వేడినీళ్ళ ముందు సబ్బు నిలవదు.

వేడెక్కిన ఇంజను మీద గానీ లోపల గానీ చల్లటి నీళ్ళు గుమ్మరించొద్దు. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో హెడ్డుకూ అదే అవుతుంది, పగులుతుంది. ఇంకో మోసం వేడి చూపించే మీటరుది. నీళ్ళు బాగా తగ్గి మీటరు బల్బు నీళ్ళలోంచి బయటపడితే సూది కిందికి దిగొచ్చు. ఇంజను చల్లబడిందని సంబరపడతాము, అప్పటికే లోపల కాలిపోతుంటుంది. ఒక్కసారిగా సూది పడిపోయినా, ఇనుము కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపాలి.

థర్మోస్టాట్ వాల్వు గురించి కూడా ఒక మాట. ‘మన ఎండలకు ఇది అనవసరం’ అని తీసి పారేసే అలవాటు మన మెకానిక్కులకు ఉంది. ఆ వాల్వు ఇంజను వేడెక్కే దాకా నీళ్ళను ఆపి, వేడెక్కాక వదులుతుంది. తీసేస్తే ఇంజను కావలసినంత వేడికి రాక డీజిలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్ళు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి మరింత వేడెక్కుతాయి కూడా. పాడైతే మార్చాలి గానీ తీసెయ్యకూడదు.

మన నీళ్ళే మన ఇంజనుకు శత్రువు

కుందుర్పిలో ఈ కారుళ్ళు ఇంత ఎక్కువ కావడానికి ఒక కారణం గొట్టాల్లో కాదు, భూమిలో ఉంది. లోతు బోర్ల నీళ్ళు గట్టినీళ్ళు. మనుషుల పళ్ళూ ఎముకలూ పాడుచేసే ఫ్లోరైడు సంగతి ఈ జిల్లాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంజనుకు హాని చేసేది ఆ నీళ్ళలోని సున్నం. నీళ్ళు కాచే పాత్ర అడుగున తెల్లగా పెంకు కట్టడం ప్రతి ఇంట్లో చూస్తాము. ఆ పెంకే ఇంజను గోడలకు, రేడియేటరు సన్నగొట్టాలకు పడుతుంది. వేడి బయటికి పోనివ్వదు. నీళ్ళలోని ఉప్పు ఇనుమును తింటుంది. ఇక్కడ విషచక్రం చూడండి. కారుతోందని రోజూ కొత్త బోరునీళ్ళు పోస్తాము, ప్రతి చెంబుతోనూ కొత్త సున్నం లోపలికి పోతుంది, వేడి పెరుగుతుంది, తుప్పు పెరుగుతుంది, ఇంకో చోట కారుతుంది. కారుడు ఆపిన బండిలో మొదట పోసిన సున్నం తప్ప కొత్తది చేరదు. ‘చెంబు పోస్తే సరిపోతాది’ అన్న మాటలో తప్పు అక్కడుంది.

దీనికి ఖర్చులేని మందు వాననీళ్ళు. రేకుల కప్పు మీద మొదటి వాన పోనిచ్చి, తర్వాతి వాన గుడ్డలో వడగట్టి రెండు క్యాన్లు పట్టి పెట్టుకుంటే ఒక ట్రాక్టరుకు చాన్నాళ్ళు వస్తాయి. అవి లేకపోతే బ్యాటరీలో పోసే నీళ్ళు కొనాలి, అదీ కుదరకపోతే ఊళ్ళో ఫిల్టరు నీళ్ళు బోరునీళ్ళ కంటే మేలు. చెరువునీళ్ళు మెత్తగా ఉన్నా బురద తెస్తాయి. సున్నం పోగొడతామని మరుగుదొడ్డి యాసిడ్ పోసేవాళ్ళున్నారు. అది సున్నంతోబాటు లోహాన్నీ తింటుంది.

కూలెంటు పోస్తే ఇంకా మంచిది. మన దగ్గర మంచు గడ్డకట్టే చలి లేదు కదా అంటారు. అది తుప్పు పట్టనివ్వదు, నీళ్ళు మరిగే వేడిని కూడా కొంత పెంచుతుంది, కాబట్టి ఎండసీమకే ఎక్కువ అవసరం. సీసా మీద కలపమని ఉంటే చెప్పిన పాళ్ళలో మంచి నీళ్ళు కలపాలి, కలిపే అమ్మేదయితే ఇంక నీళ్ళు పోయకూడదు. రెండు రంగులవి కలపొద్దు.

కానీ ఒక ప్రమాదం ఉంది, మిగతావన్నీ మరిచినా దీన్ని మరవొద్దు. చాలా కూలెంట్లలో ఉండేది ఎథిలీన్ గ్లైకాల్. అది తియ్యగా ఉంటుంది, అది విషం. దప్పికతో తిరిగే కుక్కలు, మేకలు, పశువులు తొట్టిలో నీళ్ళు కనబడితే మూతి పెడతాయి. మన సీమలో వేసవిలో నీళ్ళున్న తొట్టిని ఏ జీవం వదిలిపెడుతుంది? చిన్నపిల్లలకు ఆ పచ్చరంగు షరబత్తులా కనబడుతుంది. కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణం పోతుంది. మొదట తాగినవాడిలా తూలడమే కనిపించి, తగ్గినట్టు అనిపించి, తర్వాత ముంచుతుంది. పిల్లవాడు తాగాడని అనుమానం ఉన్నా సీసాతో సహా ఆసుపత్రికి పోవాలి, ‘బాగానే ఉన్నాడు కదా’ అని తెల్లారేదాకా చూడొద్దు. దించిన కూలెంటును వెంటనే మూతగల క్యానులోకి ఎత్తి, దాని మీద విషమని రాసి, అందకుండా పెట్టాలి. నీళ్ళు తాగే సీసాల్లో పోయొద్దు. కాలవలో, బావి దగ్గర, గొడ్ల తొట్టి పక్కన పారబోయొద్దు. కింద ఒలికితే మట్టి చల్లి ఎత్తేయాలి.

ఇంటి పని కానిది

కొన్ని గుర్తులు కనబడితే స్క్రూ డ్రైవరు పక్కన పెట్టెయ్యాలి. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్ళు తగ్గుతున్నా, ఇంజనాయిలు పుల్ల తీస్తే మజ్జిగలా తెల్లగా నురగగా ఉన్నా, ఇంజను నడుస్తుండగా రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తున్నా, వేడెక్కాక కూడా పొగగొట్టంలోంచి తెల్లపొగ పోతున్నా నీళ్ళు లోపల కారుతున్నాయి. హెడ్ గ్యాస్కెట్టో, హెడ్డు పగులో, లైనరు అడుగు రబ్బరు రింగో పోయి ఉంటుంది. అలాంటి ఇంజనును ‘ఈ రెండెకరాలు దున్నేసి చూద్దాం’ అనడం దాన్ని చంపడమే. నీళ్ళు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడదు.

ఇంత చదివాక ‘ఇదంతా మాకు నేర్పేదెవరు?’ అని డ్రైవర్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం 1983లో పెట్టిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల ట్రాక్టర్లు, యంత్రాలు అక్కడ పరీక్షకు వస్తాయి, నడపడం, చూసుకోవడం, రిపేరు చేయడం అక్కడ నేర్పుతారు. కుందుర్పి నుంచి గార్లదిన్నె జిల్లాకు ఆ కొస. రోజు కూలి వదులుకుని వారాల తరబడి అక్కడ ఉండటం భూమిలేని డ్రైవరుకు తేలిక కాదు. శిక్షణ రోజులకు కూలి ఇప్పించమని, కళ్యాణదుర్గంలోనో కుందుర్పిలోనో విత్తనాల ముందు మూడు రోజుల శిబిరం పెట్టమని, పిలిచేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం అడగకుండా స్టీరింగు పట్టినవాడిని పిలవమని కూలి సంఘాలు వ్యవసాయ శాఖను అడగవచ్చు.

అంతదాకా డ్రైవరు చేతిలో ఉన్న పని ఒకటి. చిన్న నోటుబుక్కు టూలుపెట్టెలో పెట్టుకోవాలి. ఏ తేదీన ఎన్ని చెంబుల నీళ్ళు పోశాడో రాయాలి. చెంబుల లెక్క పెరుగుతుంటే కారుడు పెరుగుతున్నట్టు. గొట్టం మార్చమని యజమానికి చెప్పిన తేదీ, ఆయన ఇచ్చిన జవాబు కూడా అదే పేజీలో రాయాలి, వీలైతే పక్కనున్న ఇద్దరి ముందు చదివి వినిపించాలి. చదువు రానివాడు బడికి పోయే బిడ్డతో రాయించాలి. కొత్త గొట్టం వేసిన తేదీ, ఎవరి డబ్బుతో వేశారో, అదీ రాయాలి. మర్నాడు పొద్దున మళ్ళీ అట్ట పరచి చూసి, అట్ట పొడిగా ఉంటే ‘కారుడు లేదు’ అని రాసి బండి తీయాలి.